త్రాసమ్మ లెక్క

ముప్పై నాలుగోసారి పాప మణికట్టు లేచి గడ్డం కింద ఠప్పున తగిలింది. త్రాసమ్మ బొటనవేలు కౌంటర్ మీట నొక్కింది. అరచేతిలో ఇమిడే ఉక్కు డబ్బా అది. పైన చిన్న గాజుకిటికీ, దాని కింద నాలుగు అంకెలు, పక్కన మళ్ళీ సున్నాకి తెచ్చే మర. నొక్కినప్పుడల్లా చిటిక వేసినట్టు చప్పుడవుతుంది.

“ముక్కెక్కడుంది?” అంది త్రాసమ్మ.

పాప ముక్కు ముట్టుకుంది.

“చప్పట్లు.”

నిద్రలో కొట్టినట్టు రెండు చప్పట్లు.

“బంతి ఇవ్వు.”

ఎర్రబంతి చేతిలోకి వచ్చింది. మూడు మాటలూ విన్నట్టే. పూసల పళ్ళెం మళ్ళీ పాప ముందుకు జరిగింది.

ఆటిజం ఉన్న పిల్లలు వచ్చే ఆ కేంద్రంలో, ఆ చివరి గదిలో, వైద్యమంటే ఇంతే. సూది లేదు, మాత్ర లేదు. చెయ్యి లేస్తే పట్టుకోకూడదు, కసరకూడదు, అయ్యో అనకూడదు. మూడు చిన్న పనులు అడగాలి. అవి చేశాక మొదటి పనిలోకి, పూసలు ఏరడంలోకి, తేవాలి. రెండు నిమిషాలపాటు చెయ్యి లేవకుండా ఉంటే బల్ల మీది గడియారం మోగుతుంది. అప్పుడు పాపకు ప్రాణమైన నీలం సీసామూత ఇచ్చి అరనిమిషం నేల మీద తిప్పుకోనివ్వాలి. నువ్వు అది ఆపు, నేను ఇది ఇస్తాను. బేరమే. అయితే ఇలాంటి బేరం ఒక్క పూటలో తెగేది కాదు. రోజూ అదే వేళకి అంగడి తెరవాలి, అదే మాట చెప్పాలి, అదే సరుకు చూపించాలి. ఎదుటివాళ్ళు నమ్మేదాకా ఓపిక అరిగిపోకూడదు.

త్రాసమ్మ దగ్గర ఉన్నదల్లా ఆ ఓపికే. యాభై నాలుగేళ్ళ మనిషి. సన్నటి మెడ ఎప్పుడూ ముందుకే వంగి ఉంటుంది. మేజోళ్ళ ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు జతలు లెక్కపెట్టి కట్టలు కట్టడం వల్ల వచ్చిన వంపు అది. కట్టకి పన్నెండు జతలు. ఒక్క కట్ట కూడా తిరిగి రాలేదు. జతలు లెక్కపెట్టే యంత్రం వచ్చిన వారంలోనే ఆమెను పంపించేశారు. యంత్రం తప్పు చేస్తుందని ఆమె, చేసినా జీతం అడగదని వాళ్ళు. తర్వాత ఇక్కడ నేల తుడిచే పనికి చేరింది. ఒకరోజు ఒక పిల్లాడు గోడకేసి తల కొట్టుకుంటుంటే, వైద్యం ప్రణాళికలు రాసే మేడమ్ “ఎన్నిసార్లయింది?” అని తనలో తాను అనుకుంది. తుడుపుకర్ర పట్టుకున్న ఆయా “అరవై ఒకటి మేడమ్” అంది. అద్దం వెనక ఉన్న కెమెరా చూస్తే అరవై ఒకటే. ఆ రోజునుంచి తుడుపుకర్ర పోయి కౌంటర్ వచ్చింది. త్రాసమ్మ అన్న పేరూ వచ్చింది. అసలు పేరు జీతం కాగితంలో తప్ప ఎక్కడా లేదు.

ఆ త్రాసు ఎనిమిది వారాలుగా అబద్ధమాడుతోంది. అది ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

ముప్పై అయిదు. చిటిక. “ముక్కెక్కడుంది?”

పాపకి ఏడేళ్ళు. మాటలు రాలేదు. సంతోషమొచ్చినా చిరాకొచ్చినా గొంతులో గువ్వలా కూస్తుంది కాబట్టి ఇక్కడ అందరికీ గువ్వ. ఒక పని ఆపి ఇంకో పనిలోకి వెళ్ళాలంటే ఆమెకు భయం. ఆ భయం చేతిలోంచి వస్తుంది. వచ్చిన మొదటిరోజు మూడు గంటల్లో మూడు వందల నలభై రెండుసార్లు కొట్టుకుంది. గడ్డం కింద చర్మం చెప్పు అడుగులా గట్టిపడి, మధ్యలో చిట్లి ఉండేది.

ఆ రోజే మేడమ్ కాగితం చదివి వినిపించింది. “పన్నెండు వారాల్లో యాభైకి దిగాలి ఆయమ్మా. దిగకపోతే చేతులకి గట్టి పట్టీలు వేద్దాం. మోచెయ్యి వంగకుండా ఉంటుంది. ఇలాగే వదిలేస్తే దవడ ఎముక పోతుంది.”

మేడమ్ చెడ్డ మనిషి కాదు. పిల్ల దవడ గురించే ఆమె బెంగ. కానీ త్రాసమ్మకి ఆ తర్వాత మాటలు వినబడలేదు.

ఆమెకొక తమ్ముడుండేవాడు. వాడూ మాటలు రానివాడే, పిడికిలితో కణత మీద కొట్టుకునేవాడు. అప్పట్లో దానికి పేరు లేదు, గది లేదు, ఎర్రబంతి లేదు. నాన్న ఒక తువ్వాలు రెండుగా చింపి వాడి చేతులు మంచంకోళ్ళకి కట్టాడు. అది కోపంతో కట్టింది కాదు. ఆయన కడుతూ ఏడవడం ఆమె చూసింది. అన్నం వేళకి అక్క విప్పేది, తిన్నాక నాన్న కట్టేవాడు. అలా పదకొండేళ్ళు. ఆమె పెళ్ళి మాట ఎత్తినవాళ్ళందరికీ “వీడి సంగతి తేలనీ” అన్నదే జవాబు. తేలింది. వాడికి పందొమ్మిదేళ్ళప్పుడు జ్వరమొచ్చింది. ఇంక కట్టక్కర్లేదని నాన్న తువ్వాళ్ళు విప్పేశాడు. చేతులు లేవలేదు. దోమ వాలినా లేవలేదు. మూడోరోజు మనిషే పోయాడు. వాడు పోయాక ఆమె వయసు లెక్కవేసుకుంటే, ఖర్చయినదే గాని మిగిలింది కనపడలేదు.

అందుకే పదో వారంలో, అంకె నూట డెబ్బై దగ్గర పట్టుబట్టి కూర్చున్నప్పుడు, త్రాసమ్మ బొటనవేలు మొదటిసారి ఆగింది. ఒక దెబ్బ వదిలేసింది. తర్వాత రెండు దెబ్బలకి ఒకసారే నొక్కింది, తర్వాత అయిదుకి ఒకసారి. కాగితం మీద ఆ అంకెల గీత మెట్లు దిగినట్టు దిగాలి గాని నూతిలో పడినట్టు పడకూడదన్న తెలివి కూడా ఆమెకుంది. వారానికోసారి మేడమ్ తలుపు అద్దంలోంచి పది నిమిషాలు చూస్తుంది. చెప్పుల చప్పుడు వినగానే సీసామూత పాప చేతిలో పెట్టేది. పళ్ళు అమ్మేవాడు మంచివి పైవరసలో పేర్చినట్టే. పాత అలవాటుతో మేజోడు గుడ్డ మడతపెట్టి, లోపల దూది కూరి, మణికట్టుకి ఒక పట్టీ కుట్టి తొడిగింది. అందరూ చెమటపట్టీ అనుకున్నారు. దెబ్బ మెత్తబడింది, గడ్డం కింద చర్మం మానింది. అలా ఉన్న ఒక్క సాక్షి కూడా ఆమె వైపే మాట్లాడింది.

అసలు లెక్క మాత్రం ఆమె తలలో ఒక్కటీ పోలేదు. నిన్న మూడు గంటల్లో నూట ఇరవై తొమ్మిది. కౌంటర్‌లో ఏడు.

నిజానికి వైద్యం పనిచేస్తోంది. మూడు వందల నలభై రెండునుంచి నూట ముప్పైకి రావడమంటే చిన్న సంగతి కాదు. నిదానంగా, గోరంత గోరంతగా దిగుతోంది. ఇంకో నాలుగైదు నెలలు ఇదే గది, ఇదే బంతి, ఇదే గొంతు ఉంటే నిజంగానే పదిలోపుకి వస్తుందని ఆమె అంచనా. ఆమె ఎప్పుడూ ఆశని అంచనాలో కలపలేదు.

కానీ కాగితం ఇంకా వేగంగా నయమైపోయింది. మూడు వారాలు వరసగా పదిలోపు ఉంటే వైద్యం పూర్తయినట్టే. పిల్లని మామూలు బడికి పంపించి, ఆ గది తర్వాతి పిల్లకి ఇస్తారు. బయట అరవై ఒక్కమంది ఎదురుచూస్తున్నారు. ఆ నియమం ఆమెకి తెలుసు. అంకె ఎక్కడో ఇరవై దగ్గర నిలబెట్టి సర్దుకోవచ్చనుకుంది. కానీ గీత దిగడం చూసి మేడమ్ మొహంలో వెలుగు, పాప నాన్న ఫోన్‌లో ఆ గీత ఫొటో తీసుకోవడం చూశాక, దాన్ని పైకి లేపే ధైర్యం చేతికి రాలేదు. తప్పుడు తూకం వేసినవాడికి ఉండే కష్టమే ఇది. ఒకసారి వేస్తే రోజూ అదే రాయి వాడాలి.

ఇవాళ ఆఖరిరోజు. పదకొండింటికి సంతకాలు.

పొద్దున గేటు దగ్గరే వాచ్‌మన్ ఎదురొచ్చాడు. “ఏం త్రాసక్కా, నీ గువ్వ పాసయిందట. మాకు నోరు తీపి చెయ్యవా?”

“నీకు షుగర్ కదా.”

“నాకుంటే నీకేం? పెట్టలేదన్న మాట నీకు రాకూడదని.”

ఆమె నవ్వబోయింది. అప్పుడే పాప తల్లి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. రెండు జడలు వేసి పాపను తయారుచేసింది గాని తన తల దువ్వుకోలేదు. చేతిలో టిఫిన్ డబ్బా, మోచేతి మీద కొత్త గాటు.

“ఇదేంటమ్మాయ్?”

“రాత్రి చెయ్యి అడ్డం పెట్టాను పిన్నీ. పళ్ళు తగిలాయి.” తల్లి పైటతో కప్పుకుంది. గొంతు తగ్గించి అంది: “ఇంట్లో ఏం తగ్గలేదు. ఆయనకి చెప్తే కాగితం చూపిస్తారు. మీ దగ్గర రోజుకి ఏడు, ఎనిమిది. నా దగ్గర లెక్కే లేదు. అంటే దానికి జబ్బు కాదు కదా పిన్నీ. నన్ను చూస్తేనే అలా చేస్తోంది. ఎక్కడో నాలోనే ఉంది తప్పు.”

త్రాసమ్మ ఆమె చేతిలోని టిఫిన్ డబ్బా అందుకుంది.

“నేను ఎదురుగా లేకపోతే బాగుంటుందేమో దానికి,” అంది తల్లి, రేపు వాన పడుతుందేమో అన్నంత మామూలుగా. పాప చెయ్యి వదిలి, వెనక్కి తిరక్కుండా వెళ్ళి వరండాలో కూర్చుంది.

ఎనిమిది వారాల సరుకు ఎవరి ఇంటికి చేరిందో త్రాసమ్మకి అప్పుడు అర్థమైంది. తను దాచిన ప్రతి దెబ్బా ఆ తల్లి ఖాతాలో పడింది. గదిలోకి వచ్చి కౌంటర్ సున్నాకి తిప్పింది. మొదటి దెబ్బకే మీట నొక్కింది. రెండోదానికీ నొక్కింది.

పదకొండు కావొస్తుంటే తొంభై ఆరు అయింది. తలుపు తట్టి మేడమ్ లోపలికి వచ్చింది. మెళ్ళో కళ్ళద్దాల తాడు, చేతిలో సంతకాల కాగితాలు, కళ్ళ కింద నిద్రలేని నీడలు.

“వాళ్ళ నాన్న వచ్చారు ఆయమ్మా. ఇవాళ్టి అంకె చెప్పండి, వేసేస్తాను.”

“తొంభై ఆరు.”

“తొమ్మిదా?”

“తొంభై ఆరు మేడమ్. ఇంకా గంటుంది. నిన్న నూట ఇరవై తొమ్మిది. మొన్న నూట ముప్పై మూడు. నేనే నొక్కలేదు.”

మేడమ్ ఆమెను తేరిపార చూసింది. తర్వాత పక్కనున్న చిన్న కుర్చీలో, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుంది. గొంతు మెత్తబడింది.

“పిల్ల వెళ్ళిపోతుందంటే నాకూ బాధగానే ఉంటుంది. పోయినేడాది వంటామె ఏం చేసిందో గుర్తుందా? ఆ కవలపిల్లల్ని పంపించద్దని, వాళ్ళకి జ్వరమని చెప్పింది.”

“ఇది బెంగ కాదు మేడమ్. పట్టీలు వేస్తారని భయపడ్డాను. మా తమ్ముడికి...” అని ఆగింది. ముప్పై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని మాట ఇంత హడావుడిలో బయటికి రాలేదు. “పన్నెండో వారం నూట అరవై ఎనిమిది ఉంది. మీరు యాభై అన్నారు.”

“పట్టీలెందుకు వేస్తాం?” మేడమ్ గోడకున్న అట్ట అందుకుని పై కాగితం తిప్పింది. “మొదటి అంకెలో సగానికి దిగితే పట్టీలు అక్కర్లేదు. ఇదే పద్ధతి ఇంకో ఆరు నెలలు పొడిగించాలి. రెండో పేజీలో రాశానుగా. మీకు చదివాను కదా?”

చదవలేదు. ఆ రోజు మొదటి పేజీ అయ్యేసరికి పక్కగదిలో పిల్లెవరో పడిపోతే మేడమ్ పరుగెత్తింది. పద్దెనిమిది వారాలుగా ఆ అట్ట గోడకి వేలాడుతూనే ఉంది. త్రాసమ్మ రోజూ పై కాగితంలో అంకె వేసేది. కింద ఇంకొకటుందని ఆమెకు తెలుసు. తిప్పి చూడాలని ఎప్పుడూ తోచలేదు. అంకెలు తనవి, అక్షరాలు మేడమ్‌వి అనుకుంది.

మూడు వందల నలభై రెండులో సగం నూట డెబ్బై ఒకటి. నూట అరవై ఎనిమిది అంతకి మూడు తక్కువ. ఇలాంటి తీసివేత చెయ్యడానికి ఆమెకు చిటికెడు సేపు కూడా పట్టదు. పిల్ల నిజంగానే గెలిచింది. ఏమీ చెయ్యకుండా, ఉన్నది ఉన్నట్టు నొక్కి ఉంటే ఈ గది ఆరు నెలలు గువ్వదే.

“మేడమ్, కెమెరా చూడండి.”

“అవి పది రోజులకి చెరిగిపోతాయి.”

“పది రోజులవే చూడండి.”

మేడమ్ అట్ట మళ్ళీ గోడకి తగిలించింది. ఆ మొహంలో నమ్మకం ఒక్క క్షణం వచ్చి వెళ్ళడం త్రాసమ్మ చూసింది. వచ్చిందెందుకో తెలుసు, వెళ్ళిందెందుకో కూడా తెలుసు. ఈ ఒక్క కాగితం తప్పయితే త్రాసమ్మ లెక్కపెట్టిన పదకొండుమంది కాగితాలూ తప్పే. పై ఆఫీసుకి పంపినవన్నీ వెనక్కి తీసుకోవాలి. బయట వరండాలో తర్వాతి పిల్లాడు అప్పటికే తల్లి ఒళ్ళో కూర్చుని చెంప గీరుకుంటున్నాడు. వాళ్ళు పద్నాలుగు నెలలు ఎదురుచూశారు.

“మీ లెక్క ఎప్పుడూ తప్పలేదు ఆయమ్మా,” అంది మేడమ్ లేస్తూ. “ఇవాళ మీ మనసు బాలేదు. ఇవాళ్టిది ఖాళీగా వదిలేస్తాను.”

పాప నాన్న తాళాలు బాగుచేస్తాడు. వేళ్ళ సందుల్లో నూనె మరకలు ఎంత తోమినా పోవు. మేడమ్ బల్ల మీది కాగితాల్లో మూడు చోట్ల సంతకం పెట్టాడు, మూడుసార్లూ నిలబడే పెట్టాడు. “మీ రుణం తీర్చుకోలేం” అన్నాడు. గుమ్మం దగ్గర నిలబడి త్రాసమ్మ “తగ్గలేదు బాబూ, ఇంకా నూటముప్పై ఉంది” అంటే, అతను మేడమ్ వైపు చూశాడు. మేడమ్ చిన్నగా తల ఊపింది. అతను నవ్వి త్రాసమ్మ చేతులు రెండూ పట్టుకున్నాడు. “మీరు దాన్ని సొంతపిల్లలా చూశారని తెలుసమ్మా. అప్పుడప్పుడు తీసుకొస్తాంలెండి.”

పదహారేళ్ళ వయసునుంచి ఆమె సంపాదించుకున్న ఆస్తి ఒక్కటే, ఆమె లెక్కంటే తిరుగులేదన్న మాట. అది ఆవేళ ఆమె గొంతే నొక్కింది.

పన్నెండింటికి పాపకి చెప్పులు తొడిగింది. నీలం మూత గౌను జేబులో వేసింది. కేంద్రం వస్తువు బయటికి పోకూడదు. పోనీ. అంకె నూట ముప్పై ఒకటి.

మెట్ల దగ్గర పాప తల్లి పక్కన త్రాసమ్మ కూర్చుంది. నాన్న అవతల స్కూటర్ తీస్తున్నాడు. చెప్పడానికి ఎక్కువ సమయం లేదు.

“అమ్మాయ్, ఇది చూడు.” అరచెయ్యి తెరిచి కౌంటర్ చూపించింది. “ఇవాళ్టిది. రోజూ ఇంతే. నేనే తగ్గించి నొక్కాను. ఇక్కడా చేస్తుంది. నా దగ్గరా చేస్తుంది.”

తల్లి అంకె వైపు చాలాసేపు చూసింది. కోప్పడుతుందనుకుంది త్రాసమ్మ. కోప్పడితే బాగుండుననుకుంది.

“ఇక్కడ కూడానా?”

“ఇక్కడ కూడా.”

“అయితే నన్ను చూసి కాదన్నమాట,” అంది తల్లి. కళ్ళు తుడుచుకోలేదు, అవి వాటంతటవే కారుతున్నాయి. కాసేపటికి ఆ మొహంలో కొత్త భయమొకటి వచ్చి కూర్చుంది. “మరి ఇప్పుడెలా పిన్నీ? సంతకాలయిపోయాయి కదా.”

“చెయ్యి లేస్తే పట్టుకోకు. అడ్డం పెట్టకు. ముక్కెక్కడుందని అడుగు. చప్పట్లు కొట్టమను. బంతి ఇమ్మను. మూడూ చేశాక వదిలెయ్యి.”

“ఇంట్లో బంతి లేదు.”

“గరిటె ఇమ్మను. చెప్పు ఇమ్మను. ఏదో ఒకటి. రోజూ ఒకేలా అడగాలి, అంతే. విసుక్కోకూడదు.” పాప మణికట్టు పట్టీ సరిచేసింది. “ఇది చిరిగితే మేజోడుతో కుట్టు. దూది రెండు వరసలు పెట్టు.”

“ముక్కు, చప్పట్లు, గరిటె,” అంది తల్లి. పాఠం అప్పజెప్పే పిల్లలా మళ్ళీ అంది: “ముక్కు, చప్పట్లు, గరిటె.”

“ఎన్నాళ్ళు చెయ్యాలి?” అని అడిగింది తర్వాత.

త్రాసమ్మకి అంచనా తెలుసు. ఇక్కడైతే నాలుగైదు నెలలు. ఒక్క ఆడమనిషి, వంటింట్లో, ఎవరూ నమ్మకుండా అయితే ఎన్నాళ్ళో లెక్క తేలలేదు. “తగ్గుతుంది,” అని మాత్రం అంది. అంకె లేకుండా ఆమె ఒక మాట చెప్పడం అదే మొదలు.

స్కూటర్ మోగింది. తల్లి వెనక కూర్చుంది, మధ్యలో గువ్వ. ఒక పనినుంచి ఇంకో పనికి మారే వేళ. చెయ్యి లేస్తుందని త్రాసమ్మకి తెలుసు. లేచింది. బొటనవేలు నొక్కింది. గేటు దాటుతుండగా మళ్ళీ. తల్లి వంగి చెవి దగ్గర ఏదో అడుగుతోంది. పాప ముక్కు ముట్టుకుందో లేదో ఇంత దూరానికి కనపడలేదు. మందుల దుకాణం ముందు ఒకటి, గుంత దగ్గర రెండు. మలుపు తిరుగుతూ తిరుగుతూ తెల్లటి పట్టీ ఇంకొక్కసారి పైకి లేచింది. తర్వాత వీధిలో ఇంకేవో బళ్ళు.

“ఏం త్రాసక్కా, ఎండలో నిలబడి ఏం లెక్కపెడుతున్నావ్?” అన్నాడు వాచ్‌మన్. ఆమె మొహం చూసి గేటు మూయడానికి వెళ్ళాడు.

గదిలో చాప దులిపింది. పూసలు రంగుల వారీగా ఏరి డబ్బాలో వేసింది. ఎర్రబంతి తడిగుడ్డతో తుడిచింది. గోడ మీది అట్టలోంచి గువ్వ కాగితాలు అప్పటికే తీసేశారు. కొత్త పిల్లాడివి రెండు పేజీలు బిగించి ఉన్నాయి. ఆమె పై కాగితం ఎత్తి, వేలు పెట్టి, రెండో పేజీ కూడబలుక్కుంటూ చివరిదాకా చదివింది. తర్వాత సంచీ భుజాన వేసుకుని తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

వెళ్ళేముందు మర తిప్పి సున్నా చెయ్యాలన్నది ఆ గది నియమం. గోడ కొక్కేనికి వేలాడుతున్న ఉక్కు డబ్బాలో, గీతలు పడిన గాజు కింద, నూట ముప్పై ఏడు అలాగే ఉంది.